సర్కారు పేరు - వేంగి ముద్ర

విశాఖపట్నంలో ఒక ఓడ ఉంది. 1939 నుంచీ ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా సముద్రంలోకి వెళ్లలేదు. ఇక ముందూ వెళ్లదు. ఎందుకంటే అది ఓడ కాదు, నేల మీద కట్టిన నౌకాదళ స్థావరం. అయినా నౌకాదళం లెక్కల్లో దాన్ని ఓడ అనే అంటారు. దాని పేరు ఐఎన్ఎస్ సర్కార్స్.

ఈ ఓడకూ ఏలూరుకూ ఏం సంబంధం అని ఎవరైనా అడగవచ్చు. చాలా దగ్గరి సంబంధం ఉంది. ఉత్తర సర్కారులు అని కంపెనీవాళ్లు పిలిచిన ఐదింటిలో ఒకటి ఏలూరు సర్కారు. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు, ఈ ఐదింటి ఉమ్మడి పేరే విశాఖ స్థావరం గేటు మీద ఉంది. అంటే మన ఏలూరు ఎనభై ఏళ్లకు పైగా భారత నౌకాదళంలో కొలువు చేస్తోంది. ఆ సంగతి ఏలూరుకే తెలియదు.

ఈ మధ్య ఏలూరులో కొందరు డిగ్రీ విద్యార్థులతో కూర్చున్నప్పుడు ఈ పేరు గురించి అడిగాను. సర్కార్ ఎక్స్‌ప్రెస్ అందరికీ తెలుసు. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో ఆగి కాకినాడ వెళ్లే బండి. సర్కారు అంటే ఏమిటంటే మాత్రం అందరూ ఒకటే చెప్పారు, ప్రభుత్వం అని. 'ప్రభుత్వ ఎక్స్‌ప్రెస్ అయితే ఈ ఒక్క బండికే ఆ పేరెందుకు?' అంటే జవాబు లేదు. తప్పు వాళ్లది కాదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. తన పేరు వెనుక కథ తెలియని సమాజాన్ని ఏ పేరుతోనైనా పిలవవచ్చు. ఈ సంపాదకీయం అందుకే.

నేల మీది ఓడ

ముందు ఆ ఓడ సంగతి చూద్దాం. బ్రిటిష్ నౌకాదళంలో ఒక పద్ధతి ఉండేది. నావికుడి జీతం, క్రమశిక్షణ, శిక్ష అన్నీ అతని పేరు ఏ ఓడ పుస్తకంలో ఉందో దాన్ని బట్టి నడిచేవి. మరి ఒడ్డున పనిచేసే వాళ్ల సంగతి? దానికో ఉపాయం కనిపెట్టారు. ఒడ్డున ఉన్న స్థావరానికే ఓడ పేరు పెట్టారు. అందులో ఉద్యోగం చేసేవాడు కాగితం మీద ఓడలో ఉన్నట్టే లెక్క. ఉద్యోగ మిత్రులకు ఇది వెంటనే అర్థమవుతుంది. మనిషి ఎక్కడ ఉన్నాడన్నది కాదు, ఏ రిజిస్టర్‌లో ఉన్నాడన్నదే సర్కారుకు ముఖ్యం.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. తూర్పు తీరాన్ని కాచుకోవాల్సిన అవసరం తెల్లదొరలకు అప్పుడు గుర్తొచ్చింది. విశాఖలో స్థావరం పెట్టి 'హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్ సర్కార్స్' అని పేరు పెట్టారు. ఆ భయం ఊరికే పోలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. తాడేపల్లిగూడెంలో పెద్దలు ఇప్పటికీ చెప్పుకునే విమానాల రన్‌వే కూడా ఆ యుద్ధకాలపు కట్టడమే. గూడెం నేల మీద రన్‌వే, విశాఖ నేల మీద ఓడ. రెండూ ఒకే యుద్ధం కోసం వచ్చినవే. ఆ యుద్ధం మనల్ని అడిగి మొదలుపెట్టింది కాదు.

1950 జనవరి 26న దేశం గణతంత్రమైంది. హిజ్ మెజెస్టీస్ పోయి ఐఎన్ఎస్ వచ్చింది. చిహ్నం పైన కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. రాజు పోయాడు, కిరీటం పోయింది. సర్కార్స్ అనే పేరు మాత్రం అలాగే ఉంది.

చేతులు మారిన నేల

సర్కారు అనేది మొగలుల పాలనలో వచ్చిన మాట. సుబా అంటే రాష్ట్రం, సర్కారు అంటే అందులో ఒక భాగం. పన్ను వసూలు కోసం గీసుకున్న గీత అది. గోల్కొండ పడిపోయాక ఈ సర్కారులు హైదరాబాద్ సుబాలో భాగమై, ఆపైన నిజాముల చేతిలోకి వచ్చాయి.

అక్కడి నుంచి ఈ నేల ఎలా చేతులు మారిందో చూడండి. 1753లో సలాబత్ జంగ్ తనకు అండగా ఉన్న ఫ్రెంచి సైన్యం జీతాల కోసం కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను బుస్సీకి రాసిచ్చాడు. అంటే కొల్లేటి ఒడ్డున పండిన ధాన్యం మీద పన్ను ఫ్రెంచి సిపాయి జీతమైంది. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. మరుసటి ఏడాది ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నం కోట పట్టుకున్నారు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం చేత కంపెనీ ఫర్మానా రాయించుకుంది. ఢిల్లీలో కుదురుగా కూర్చునే వీలు లేని చక్రవర్తి, తాను ఎన్నడూ చూడని కొల్లేరును, తన చేతిలో లేని కొల్లేరును, ఇంకొకరికి దానం చేశాడు. 1766లో నిజాం అలీఖాన్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. సైన్యంతో సాయం చేయాలి, లేదంటే ఏటా 9 లక్షల రూపాయలు కట్టాలి. అదీ బేరం. గుంటూరు 1788లో కంపెనీ చేతికి వెళ్లింది. చివరికి 1823లో నిజాంకు మిగిలి ఉన్న కప్పం హక్కును కూడా కంపెనీ ఏకమొత్తంగా కొనేసింది. దస్తావేజు పూర్తయింది.

ఈ డెబ్బై ఏళ్ల లావాదేవీలో ఒక్కచోటైనా ఏలూరు రైతును అడిగారా? కొల్లేటి లంకల్లో తాటి దోనె నడుపుకునే మనిషిని అడిగారా? సుల్తానుకు, దొరకు, చక్రవర్తికి మధ్య నేల పాదరసంలా జారింది. ఆ లావాదేవీ కాగితాల్లో సరుకు పేరు సర్కారు. ఆ పేరునే ఓడకు పెట్టారు.

ఇక్కడ రాయలసీమను తలచుకోవాలి. 1800లో నిజాం కంపెనీకి వదులుకున్న జిల్లాలను తెల్లవాళ్లు సీడెడ్ జిల్లాలన్నారు. తెలుగులో దత్త మండలాలన్నారు. ఇచ్చేసిన నేల అని అర్థం. 1928లో నంద్యాల సభలో ఆ ప్రాంతపు పెద్దలు ఆ పేరు మాకొద్దన్నారు. రాయలసీమ అని కొత్త పేరు పెట్టుకున్నారు. ప్రభుత్వం ఇచ్చిన పేరు కాదది, జనం తెచ్చుకున్న పేరు. నూరేళ్లు కావస్తోంది. ఈ రోజు దత్త మండలం అంటే చరిత్ర పుస్తకాల్లో వెతుక్కోవాలి. సర్కారు జిల్లాలకు మాత్రం అలాంటి రోజు రాలేదు. సర్కారు నుంచి మెల్లగా కోస్తా అయ్యాయి. అదీ బయటివాడి మాటే!

పేరు చిన్న విషయమా?

'పేరులో ఏముంది, పని చూసుకోండి' అని హితవు చెప్పే పెద్దమనుషులు ఎప్పుడూ ఉంటారు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో నడిచిన వాళ్లకు ఈ హితవు కొత్త కాదు. బండి నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ అని రాసుకున్నందుకు దారిలో ఆపించుకున్న రోజులు మనకు గుర్తే. రెండక్షరాల కోసం ఇంత రభస ఎందుకన్నారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. టీఎస్ అన్నారు. 2024లో అది టీజీ అయింది. అదే ఏడాది రాష్ట్ర చిహ్నంలోంచి కాకతీయ తోరణం, చార్మినార్ తీసేస్తారన్న వార్త వస్తే వరంగల్‌లో, హైదరాబాద్‌లో జనం రోడ్డెక్కారు. పేరు, ముద్ర ఒట్టి బొమ్మలే అయితే ఆ బాధ ఎక్కడిది?

పేరు పెట్టే హక్కు ఎవరి చేతిలో ఉంటే చరిత్ర చెప్పే హక్కూ వారి చేతిలోనే ఉంటుంది. ఈ మాట ముల్కీ వీధుల్లో ఎంత నిజమో, ఏలూరు కాలువ గట్టు మీద అంతే నిజం. మన అస్తిత్వం గురించి మాట్లాడే మనం పొరుగువాడి అస్తిత్వం గురించి మాట్లాడకపోతే మన మాటకు విలువ ఉండదు.

నౌకాదళానికి కూడా ఈ సంగతి తెలుసు. దాని జెండా కథ చూడండి. స్వాతంత్య్రం వచ్చి యాభై ఏళ్లు దాటినా ఆ జెండాలో ఇంగ్లాండువాళ్ల సెయింట్ జార్జి ఎర్ర సిలువ ఉండేది. 2001లో తీసేశారు. 2004లో మళ్లీ తెచ్చి మధ్యలో అశోక సింహాలు పెట్టారు. 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో విక్రాంత్ నౌకను దళంలో చేర్చిన రోజున ఆ సిలువ శాశ్వతంగా పోయింది. దాని స్థానంలో శివాజీ రాజముద్ర స్ఫూర్తితో ఎనిమిది మూలల చిహ్నం వచ్చింది. మరాఠా రాజముద్ర నౌకాదళ జెండా మీదికి రావడానికి తగినదైనప్పుడు, తెలుగు నేల మీది రాజముద్రలు ఒక ఓడ చిహ్నానికైనా తగవా?

ఎద్దు, సింహం, వరాహం

తెలుగు నేల మీద రాజముద్రలు లేవా? ఏలూరు చుట్టూ ఉన్నన్ని ఎక్కడా లేవు!

ఏలూరు నుంచి బస్సెక్కితే అరగంటలో పెదవేగి. ఒకప్పటి వేంగి అదే. వేంగీపుర రాజధానిగా ఏలిన శాలంకాయనుల ముద్ర మీద ఎద్దు ఉంటుంది. ఆ వంశపు నందివర్మ రాగిరేకుల్ని చరిత్రకారులు కొల్లేరు శాసనమనే పిలుస్తారు. కొల్లేరు పేరుతో పదహారు వందల ఏళ్ల నాటి దస్తావేజు ఉంది. అది సర్కారు దస్తావేజు కంటే పదమూడు వందల ఏళ్లు పాతది.

వాళ్ల తర్వాత విష్ణుకుండినులు వచ్చారు. వాళ్ల ముద్ర మీద సింహం. ఏలూరు పక్కనే ఉన్న దెందులూరు ఆ కాలంలో పేరున్న నగరం. 7వ శతాబ్దంలో కుబ్జ విష్ణువర్ధనుడితో తూర్పు చాళుక్యులు మొదలయ్యారు. వాళ్ల రాగిరేకుల ముద్ర మీద వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, 'శ్రీ త్రిభువనాంకుశ' అనే అక్షరాలు. నన్నయ చేత భారతం తెలుగు చేయించిన రాజరాజ నరేంద్రుడు ఈ వంశం వాడే. తెలుగు కావ్యభాషకు మొదటి పీఠం వేసిన రాజ్యానికి పేరు వేంగి.

వీళ్లందరికంటే ముందు శాతవాహనులు నాణెం మీద రెండు స్తంభాల ఓడను ముద్రించారు. ఓడ బొమ్మను డబ్బు మీద వేసుకున్నారంటే సముద్రం వాళ్ల బతుకులో ఎంత భాగమో చూడండి. ఆ వంశం పేరు మీద విశాఖలోనే జలాంతర్గాముల శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ శాతవాహన ఉంది. మంచిదే. అంటే నౌకాదళానికి మన పాత పేర్లు తెలియక కాదు. అడిగేవాడు లేకే.

రెండు నదులు, రెండు ఓడలు

ఏలూరు మరో రకంగానూ ఈ కథలో ఉంది. ధవళేశ్వరం నుంచి వచ్చే గోదావరి కాలువ, విజయవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ కలిసేది ఏలూరులో. ఆ రెండు నదులు తెచ్చిపోసిన ఒండ్రు మధ్య పల్లంలో నిలిచిన నీరే కొల్లేరు. ఆ రెండు నదుల పేర్లూ నౌకాదళంలో ఉండేవి.

1943లో బ్రిటిష్ ఇండియా దళంలోకి గోదావరి, కిస్త్నా అనే రెండు యుద్ధనౌకలు వచ్చాయి. కృష్ణను దొరలు అలాగే రాసేవాళ్లు, కిస్త్నా అని. దేశ విభజనప్పుడు కుర్చీలు, బల్లలు పంచుకున్నట్టే ఓడలనూ పంచుకున్నారు. గోదావరి పాకిస్తాన్ వాటాకు వెళ్లింది. వాళ్లు దాని పేరు మార్చి సింద్ అని పెట్టుకున్నారు. తప్పేముంది? వాళ్ల దేశంలో పారేది సింధు నది. ఓడకు తన నేల పేరు ఉండాలన్న ఇంగితం వాళ్లకుంది. మన వాటాకు వచ్చిన కిస్త్నా అక్షరం సరిదిద్దుకుని కృష్ణా అయింది. దొర నోట్లో నలిగిన పేరును సరిచేయడానికి స్వాతంత్య్రం కావలసి వచ్చింది.

తర్వాత పోలండ్ నావికులు యుద్ధంలో నడిపిన ఒక బ్రిటిష్ ఓడ 1953లో మన దగ్గరికి వచ్చి రెండో గోదావరి అయింది. మూడోది అసలైన గోదావరి. ముంబయి మజగావ్ డాక్‌లో మనవాళ్లే రూపం గీసి, మనవాళ్లే కట్టి, 1983 డిసెంబర్ 10న దళంలో చేర్చిన క్షిపణి యుద్ధనౌక. 1988లో మాల్దీవుల్లో తిరుగుబాటు చేసి బందీలతో పారిపోతున్న కిరాయి ముఠా ఓడను సముద్రంలో అడ్డుకుంది ఇదే. 2015 డిసెంబర్ 23న విశ్రాంతి తీసుకుంది. అరువు ఓడ నుంచి సొంత ఓడ దాకా, నలిగిన పేరు నుంచి సరైన పేరు దాకా ఈ రెండు నదులూ చేసిన ప్రయాణం అది. ఆ ప్రయాణం చేయనిది ఒక్క సర్కార్స్ పేరే.

చిహ్నం ఒక్కటే చాలదు

అయితే ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. ఓడకు పేరు పెట్టినంత మాత్రాన ఊరికి న్యాయం జరిగినట్టు కాదు. 2023 డిసెంబర్ 26న ఐఎన్ఎస్ ఇంఫాల్ దళంలో చేరింది. ఈశాన్య భారతంలోని నగరం పేరు పెట్టుకున్న మొదటి యుద్ధనౌక అది. చిహ్నంలో ఒకవైపు కాంగ్లా ప్యాలెస్, ఇంకోవైపు మణిపూర్ రాజలాంఛనమైన కాంగ్లా-సా. చూడడానికి ఎంతో బాగుంది. కానీ ఆ కాంగ్లా కోట 1891లో ఇంగ్లీషు సైన్యం చేతిలోకి పోయింది. స్వాతంత్య్రం వచ్చాక కూడా అస్సాం రైఫిల్స్ అధీనంలోనే ఉంది. 2004లో మణిపూర్ తల్లులు ఆ కోట గుమ్మం ముందు నిలబడి చేసిన నిరసన దేశాన్ని కుదిపేశాక, ఆ ఏడాది నవంబర్‌లో కోట మణిపూర్ ప్రజలకు దక్కింది. ఓడ మీద ఆ కోట బొమ్మ ఆవిష్కరించే నాటికి, 2023 మే నుంచీ మణిపూర్ తగలబడుతూనే ఉంది. గౌరవం బొమ్మలో ఇచ్చి, బతుకులో ఇవ్వకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

కొల్లేరు సంగతీ అంతే. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. కాగితం మీద కొల్లేరుకు ప్రపంచ కిరీటం. 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు. పెద్ద చెరువుల వెనుక పెట్టుబడి పెట్టిన వాళ్లెవరు, గట్టు తెగాక వీధిన పడ్డ లంక గ్రామాల వాళ్లెవరు అన్న ప్రశ్న మాత్రం గట్టులాగే తెగి కొట్టుకుపోయింది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను మోస్తూ, ఊళ్ల మురుగును మింగుతూ, ఉప్పుటేరు దారి వెతుక్కుంటూ కొల్లేరు ఈదుతోంది. కొంగ బొమ్మ ముద్రించి ఓడకు తగిలిస్తే ఆ నీళ్లు బాగుపడవు. కాబట్టి మేము అడిగేది అలంకారం కాదు.

ఇంతకీ మనం అడిగేదేమిటి?

సర్కార్స్ పేరు తీసేయమని మేము అనడం లేదు. చెరిపేస్తే ఆ దస్తావేజు కూడా పోతుంది. మనల్ని ఎవరు ఎవరికి, ఎంతకు, ఎందుకు రాసిచ్చారో చెప్పే సాక్ష్యం అది. సాక్ష్యాన్ని దాచుకోవాలి. కానీ చదువుకోవాలి కూడా. ఏలూరు కాలేజీలో, తాడేపల్లిగూడెం నిట్‌లో చదివే విద్యార్థికి తాను ఎక్కే రైలు పేరు, విశాఖ ఓడ పేరు ఒకే ఒప్పందం నుంచి వచ్చాయని తెలియాలి. విశాఖ స్థావరం చూడటానికి వెళ్లిన పిల్లవాడికి గేటు దగ్గర తెలుగులో ఒక ఫలకం మీద ఐదు సర్కారుల పేర్లు, ఆ సంవత్సరాలు కనిపించాలి.

రెండోది, రేపు కట్టబోయే ఏదో ఒక ఓడకు వేంగి అని పేరు పెట్టమని అడుగుదాం. దాని చిహ్నం గీయడానికి ఢిల్లీలో ఎక్కడా వెతకనక్కర్లేదు. శాలంకాయనుల ఎద్దు, విష్ణుకుండినుల సింహం, చాళుక్యుల వరాహం ఎలాగూ ఉన్నాయి. మూడూ కాదనుకుంటే కొల్లేటి తాటి దోనె ఉంది. రాజుల ముద్రలన్నీ మ్యూజియాలకు చేరాయి, దోనె మాత్రం నిన్నమొన్నటి దాకా నీళ్లమీదే ఉంది. మా ఓటు దోనెకే. ఏలినవాళ్ల గుర్తు కాదు, బతికినవాళ్ల గుర్తు అది.

మూడోది అందరికంటే ఏలూరు మిత్రులకు. గడిచిన నూట అరవై ఏళ్లలో మీ ఊరు 1859లో గోదావరి జిల్లా అయింది, 1904లో కృష్ణా జిల్లా అయింది, 1925లో పశ్చిమ గోదావరి అయింది. ప్రతిసారీ వేరెవరో గీసిన గీతే. 2022 ఏప్రిల్ 4న తొలిసారి జిల్లాకు ఏలూరు అనే సొంత పేరు వచ్చింది. సర్కారు ఏలూరు పోయి ఏలూరు జిల్లా వచ్చింది. ఆ పేరు కింద ఏం రాసుకుంటారో ఇక మీ చేతుల్లో ఉంది. పెదవేగి దిబ్బల్ని కాపాడతారా, కొల్లేటి నీళ్లను కాపాడతారా, కాలువ గట్లను కాపాడతారా అన్నదే అసలు ముద్ర.

నేల మీది ఓడ ఎక్కడికీ కదలదు. కదలాల్సింది మనం.